పదకొండు నుంచి పన్నెండున్నర దాకా

ఆ కాలనీలో ఇల్లు దొరకాలంటే పెట్టి పుట్టాలి అంటారు. నిజమే కావచ్చు. రాజధానికి అరగంట దూరం. ఎనిమిది టవర్లు, మధ్యలో పెద్ద పార్కు, పార్కు చుట్టూ ఎర్రటి నడకదారి, దారి పొడుగునా పద్నాలుగు బెంచీలు. ఫలానా ఇల్లు ఖాళీ అవుతుందట అని పుకారు పుడితే చాలు, రెండొందల మంది పేర్లు రాయించుకుని కాచుక్కూర్చుంటారు. అంత కోరి కోరి వచ్చినవాళ్లు ఆ బెంచీల మీద కూర్చోగా మాత్రం ఎవరూ చూడలేదు. కాలనీవాళ్లు నడుస్తారు. చేతికి అడుగులు లెక్కపెట్టే పట్టీ కట్టుకుని, వెనకనుంచి ఎవరో తరుముకొస్తున్నట్టు నడుస్తారు. కూర్చుంటే అడుగులు తగ్గిపోవూ మరి!

అక్కడ నిజంగా కూర్చునేది గడియారం ఒక్కతే.

గడియారమంటే నాలుగో టవరులో మూడిళ్లకు వంట చేసే ఆవిడ. ఏడింటికి మొదటి ఇంటి గంట కొడుతుంది. ఏడంటే ఏడే, ఒక నిమిషం అటూ ఇటూ ఉండదు. ఆ పేరు పెట్టింది గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే ఈలాయన. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి ఆయనకా పేరు. "గడియారమక్క గేటు దాటితే నేను వాచీ సరిచేసుకుంటాను" అంటాడు. తొమ్మిది దాకా కొత్త జంట ఇంట్లో, పదకొండు దాకా టీచరమ్మ ఇంట్లో. మూడోది డాక్టరమ్మ ఇల్లు, అది పన్నెండున్నరకు గానీ తెరుచుకోదు. పొద్దున్నే డాక్టరమ్మ తన తండ్రిని తను పనిచేసే ఆస్పత్రిలోనే వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్లి, తిరిగి ఆ వేళకు తీసుకొస్తుంది. ఆ మధ్యలో మిగిలేది గంటన్నర. సొంతింటికి పోదామంటే బస్సులో గంట ప్రయాణం. అందుకని పార్కులో తొమ్మిదో బెంచీ మీద, గుబురు కంచె ముందు, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులేసుకుని కూర్చుంటుంది. ఏడింటి నుంచీ నిలబడ్డ కాళ్లు అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి.

ఆ సోమవారం టీచరమ్మ ఇంట్లో మిక్సీ మూత ఎగిరి టమాటా గుజ్జంతా ఆకుపచ్చ ఏప్రన్ మీద చిందింది. పనివాళ్లందరూ ఆ ఏప్రన్ వేసుకోవాలి, దాని మీద పాసు తగిలించుకోవాలి, కాలనీ రూలు. తోటలో కుళాయి దగ్గర ఏప్రన్ ఉతికి, బాగా పిండి, వెనకాల కంచె మీద ఆరేసి ఆవిడ కూర్చుంది. ఎండ వీపుకు వెచ్చగా తగులుతోంది. కళ్లు మూతలు పడ్డాయి.

క్లిక్‌మని చప్పుడైతే కళ్లు తెరిచింది. ఎదురుగా మెడలో పెద్ద కెమెరాతో ఒక అమ్మాయి.

"సారీ అండీ, మిమ్మల్ని లేపేశాను" అంది ఆ అమ్మాయి. "పొద్దున్నుంచీ తీస్తున్నాను. ఒక్కళ్లూ కుదురుగా కూర్చోరు. నవ్వమంటే పళ్ల డాక్టరు ముందు నోరు తెరిచినట్టు తెరుస్తారు."

"పువ్వులు తీసుకోమ్మా, బాగుంటాయి. నేను పక్కకి జరగనా?"

"వద్దొద్దు, అయిపోయింది" అని ఆ అమ్మాయి నవ్వుతూ వెళ్లిపోయింది. వెనకాల పువ్వుల్నే తీసి ఉంటుందిలే అనుకుంది గడియారం. అనుకుని ఆ సంగతి మర్చిపోయింది కూడా.

మంగళవారం పదకొండుంబావుకి పార్కులో ఈల మోగింది. పిల్లలెవరో గడ్డి మీద సైకిలు ఎక్కించారేమో అనుకుని గడియారం కళ్లు తెరవలేదు. ఈల మళ్లీ మోగింది, ఈసారి దగ్గరగా.

"అక్కా, లేవాలక్కా" అన్నాడు ఈలాయన. చేతిలో కాగితం. మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా ఉంది.

"ఏమైంది? బెంచీకి రంగు వేస్తారా?"

"రంగైతే ఎండిపోయేది." కాగితం కళ్లకు దూరంగా పట్టుకుని చదివాడు. "బెంచీలు నివాసుల కొరకు మాత్రమే. సహాయక సిబ్బంది బెంచీలపై గానీ, పచ్చికపై గానీ కూర్చోరాదు. కాలనీ అందము, ప్రతిష్ఠ దృష్ట్యా అందరూ సహకరించగలరు. ఇట్లు, కాలనీ సంఘం ప్రెసిడెంటు." చదివి మడిచాడు. "లిఫ్టుల దగ్గర బోర్డులన్నిటిలోనూ పెట్టాను. పక్కన కొత్త టవర్లు కడుతున్నారు కదా, శనివారం నుంచి కొనేవాళ్లు చూడ్డానికి వస్తారట. పార్కు నీటుగా కనబడాలట."

"నేను కూర్చుంటే పార్కు మాసిపోతుందా?"

"నన్నడుగుతావేంటక్కా? ఈల ఊదమన్నారు, ఊదాను."

గడియారం చెప్పులు తొడుక్కుని లేచింది. ఆవిడకు కోపం రాలేదు. ముందు సిగ్గేసింది. యాభై మూడేళ్ల మనిషిని, పిల్ల కోతిని తోలినట్టు ఈల వేసి లేపారు. నాలుగడుగులు వేశాక అప్పుడొచ్చింది కోపం, కానీ ఎవరి మీద పడాలో తెలియక మోకాల్లోకి దిగింది.

కుళాయి దగ్గర పైపు పట్టుకున్న తోటావిడ ఇదంతా చూస్తూనే ఉంది. "నన్ను ఎన్నడో లేపేశారక్కా" అంది మెల్లగా. "ఆ గులాబీలకు నీళ్లు పెట్టేది నేను, మందు కొట్టేది నేను. వాసన చూడ్డానికి మాత్రం నిలబడే చూడాలి."

గేటు బయటికి పోతే నీడ లేదు. పైగా మళ్లీ లోపలికి రావాలంటే వేలిముద్ర వేసి, ఇంటివాళ్ల ఫోనుకు కబురెళ్లి, వాళ్లు సరేననే దాకా ఎండలో వరసలో నిలబడాలి. ఆపరేషను గదిలో ఉన్న డాక్టరమ్మ ఫోను ఎక్కడ చూస్తుంది? గడియారం ఆ గంటన్నరా నడకదారి మీదే గడిపింది. ఎదురొచ్చిన కాలనీవాళ్లు ఈవిడ కూడా అడుగులు లెక్కపెట్టుకుంటోందనుకున్నారేమో, ఒకరిద్దరు చిరునవ్వు కూడా నవ్వారు.

మర్నాడు టీచరమ్మ ఇంట్లో గిన్నెలు సర్దేసి, తడి చేతులు తుడుచుకుంటూ అడిగింది. "అమ్మా, పదకొండు తర్వాత మీ బాల్కనీలో కాసేపు కూర్చోనా? చప్పుడు చెయ్యను."

టీచరమ్మ మంచిదే. ఆ మాటకు ఆవిడ మొహం నిజంగానే చిన్నబోయింది. "నాకేం అభ్యంతరం లేదు. కానీ పదకొండింటికి నా కంప్యూటరు క్లాసు కదా. వెనకాల బాల్కనీ కెమెరాలో పడుతుంది. మనుషులు కనబడకూడదని బడివాళ్ల రూలు." ఒక్క నిమిషం తటపటాయించి, లోపలికెళ్లి మోకాళ్లకు రాసుకునే మందు ట్యూబు తెచ్చిచ్చింది. "ఇది చాలా బాగా పనిచేస్తుంది. నేనూ రాసుకుంటాను."

గడియారం ట్యూబు తీసుకుంది. మందు రాసుకోవడానికైనా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా తల్లీ అనుకుంటూ దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది.

ఆ రోజు సెల్లారు మెట్ల మీద కూర్చుంది. కూర్చున్నంతసేపూ కార్లు దిగుతూనే ఉన్నాయి, హారన్ కొట్టినప్పుడల్లా లేచి గోడకు అంటుకోవాల్సి వచ్చింది. ఎద్దు పుండు కాకికి ముద్దా? కారులో ఉన్నవాడికి ఈవిడ మోకాలు నొప్పేం తెలుస్తుంది! గంటన్నరలో పదహారుసార్లు లేచింది. గురువారానికి మోకాలు పొంగి బన్నురొట్టెలా అయింది.

డాక్టరమ్మ ఇంట్లో ఆవిడ పని అన్నిటికంటే నెమ్మది పని. బంగాళాదుంపలు, క్యారెట్లు చేత్తో నొక్కితే చితికిపోయేంత మెత్తగా ఉడికించాలి. మిక్సీలో వేస్తే జిగురవుతుంది, అందుకని గరిటె వెనకభాగంతో గిన్నె అంచుకు అదిమి అదిమి మెదపాలి. దాంట్లో కాసిన్ని పాలు, చిటికెడు ఉప్పు, కొంచెం వెన్న. డాక్టరమ్మ తండ్రికి పక్షవాతం వచ్చి నోరు ఒకవైపు పడిపోయింది. ఆయన్ని గడియారం తాతగారూ అంటుంది. చెంచా బాగున్న వైపు పెట్టి, ఆయన మింగేదాకా ఆగి, గొంతు కదిలిందని చూసుకుని, అప్పుడు రెండో చెంచా. ఇంతకుముందున్న మనిషి తొందరపెడితే రెండుసార్లు పొరబోయి ఆస్పత్రి పాలయ్యాడాయన. గడియారం వచ్చాక ఒక్కసారి కూడా పొరబోలేదు. టైము తప్పని మనిషే, ఆ చెంచా దగ్గర మాత్రం టైము చూసేది కాదు.

"కాలు... ఏమైంది?" అన్నాడు తాతగారు. మాట ముద్దముద్దగా వస్తుంది, కళ్లు మాత్రం డేగ కళ్లు.

"ఏం కాలేదు తాతగారూ. వయసైపోయింది."

"నీకా? నా... కూతురంత... లేవు."

"మీ కూతురు కూర్చుని ఆపరేషను చేస్తుందేమో. నేను నిలబడి కూర తరుగుతాను." అని నవ్వించబోయింది. నవ్వితే మళ్లీ పొరబోతుందేమోనని ఠక్కున ఊరుకుంది.

మూతి తుడుస్తున్నప్పుడు ఆయన బాగున్న చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, వదిలేశాడు. గడియారం ఆయన కళ్లలోకి చూడకుండా తువ్వాలు మడతపెట్టింది. ఎందుకంటే అప్పటికే నిశ్చయించుకుంది. ఈ కాలు వేసుకుని ఆ గంటన్నర మెట్ల మీద లేస్తూ కూర్చుంటూ తను తట్టుకోలేదు. పదకొండింటికి బస్సెక్కి ఇంటికి పోవాల్సిందే. అంటే ఈ ఇల్లు మానుకోవాల్సిందే. వెళ్లేముందు గుమ్మం దగ్గర డాక్టరమ్మతో అంది, "శనివారం మీకు తీరిగ్గా ఉంటుంది కదమ్మా, ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పరాదూ?"

"శనివారం చెప్తాను." తాతగారి ముందు చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు.

శనివారం పొద్దున బస్సు దిగేసరికి గేటు పక్కన పెద్ద బోర్డు లేచి ఉంది, రెండంతస్తుల ఎత్తున. గడియారం తలొంచుకుని నడిచేస్తుంటే ఈలాయన చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశాడు.

"అక్కా! తలెత్తు. పైకి చూడు."

చూసింది. బోర్డు నిండా పచ్చటి కంచె, పువ్వులు, ఎండ. మధ్యలో బెంచీ. బెంచీ మీద కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద చేతులేసుకుని, చెప్పులు పక్కన పెట్టుకుని తను. కింద బారెడు అక్షరాలు: మనసు కుదుటపడే చోటు. మా కాలనీకి రండి.

"అయ్యో అయ్యో" అంది గడియారం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "నేనేనా?"

"నువ్వే. ఆఫీసులో ఫొటోలు ఎంచుతుంటే కుర్చీలు వెయ్యడానికి నేనూ వెళ్లాను. నలభై ఫొటోలు చూశారు. ఒక్కటీ ప్రెసిడెంటు గారికి నచ్చలేదు. ఇది చూడగానే, ఆహా, ఇదీ ప్రశాంతత అంటే అన్నారు. ఎవరీవిడ, ఏ టవరు అని ఒకళ్లనొకళ్లు అడుక్కున్నారు. ఎవరికీ తెలియలేదు. ఎవరైతేనేం, మనవాళ్లే, మొహంలో ఆ తృప్తి చూడండి అన్నారాయన."

"నువ్వక్కడే ఉన్నావుగా, చెప్పొద్దూ?"

"నన్నడిగితేగా! కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను." ఈలాయన కళ్లలో నవ్వు ఆగడం లేదు. "అది సరే, ఆ కంచెలోకి చూడు. కుడివైపు."

గడియారం కళ్లు చికిలించింది. ఆకుల మధ్య ఆకుపచ్చ ఏప్రన్, దాని జేబు, జేబుకు వేలాడుతున్న పాసు. ఉందని తెలిసి వెతికితే తప్ప కనబడదు.

ప్రెసిడెంటు గారు నాలుగో టవరులోనే ఉంటాడు. ఏళ్ల తరబడి రోజూ పొద్దున లిఫ్టు దగ్గర ఎదురవుతాడు. గడియారం నమస్కారం పెడితే తల ఊపుతాడు. ఆ ఊపు ఏప్రనుకని ఆవిడకు ఇవాళ తెలిసింది.

పది గంటలకల్లా కాలనీ ఫోన్లన్నీ గుప్పుమన్నాయి. కొత్త జంటలో అమ్మాయి, పాపం ఏ పాపమూ ఎరగనిది, బోర్డు ఫొటో తీసి "మా వంటావిడ ఎంత బాగుందో చూడండి" అని అందరికీ పంపించింది. పదకొండింటికి గడియారం టీచరమ్మ ఇంటి నుంచి కిందికి దిగేసరికి ప్రెసిడెంటు గారు లిఫ్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. నుదుటి మీద చెమట. గోడ మీద బోర్డులో ఆయన సంతకంతో ఆయన కాగితం. ఆవిడ కాగితం వంక చూసింది, తర్వాత ఆయన వంక.

"చూడండమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ 'అండి' వినడం ఆవిడకు అదే మొదలు. "బోర్డు ఇప్పుడు దింపలేం. కొనేవాళ్లు వస్తున్నారు, దారిలో ఉన్నారు. మీరు వెళ్లి ఆ బెంచీ మీద కూర్చోండి. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా. రోజూ కూర్చోండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. సెక్యూరిటీకి చెప్పేశాను."

గడియారం గుండె ఒక్కసారి గంతేసింది. కూర్చోవచ్చు. మోకాలు నిలుస్తుంది, తాతగారి ఇల్లు నిలుస్తుంది. "మరి మిగతావాళ్లోనండీ?" అంది.

"వాళ్ల సంగతి తర్వాత చూద్దాం. అన్నట్టు, ఆ ఏప్రన్ తీసేయండి."

"తీస్తే పాసు ఎక్కడ పెట్టుకోనండీ? పాసు కనబడకపోతే గేటు బయటికి పంపేస్తామని మీరే రాశారుగా."

ఆవిడ వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. ఇంతలో ప్రెసిడెంటు గారి జేబులో ఫోను మోగింది. వచ్చేశారట. ఆయన గేటు వైపు పరుగు లాంటి నడక అందుకున్నాడు.

గడియారం తొమ్మిదో బెంచీ మీద కూర్చుంది. ఏప్రన్‌తోనే కూర్చుంది. చెప్పులు విప్పింది, చేతులు మోకాళ్ల మీద వేసుకుంది, కళ్లు మూసుకుంది. నిద్ర రాలేదు సరికదా, రెప్పలు కూడా నిలవలేదు. కూర్చోమంటే కూర్చున్నట్టుంది గానీ కూర్చున్నట్టు లేదు. కుళాయి దగ్గర తోటావిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆ పక్కన ఊడ్చే పిన్ని చీపురు కర్రకు ఆనుకుని ఒంటికాలి మీద బరువు వేసి ఉంది. తన కాలు మడిచి పెట్టుకుని వాళ్ల కాళ్లకేసి చూడటం గడియారం వల్ల కాలేదు.

"ఏమే, ఇలా రా" అని పిలిచింది. "పిన్నీ, నువ్వూ రా. కూర్చోండి."

"ఈల వేస్తారక్కా!"

"నేనున్న బెంచీ దగ్గర వెయ్యరు. రండి."

తోటావిడ అంచు మీద, పడిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. పిన్ని చీపురు ఒళ్లో పెట్టుకుంది. ఈలాయన వచ్చాడు. ముగ్గుర్నీ చూశాడు. అలవాటు కొద్దీ ఈల పెదాల దాకా వెళ్లింది.

"నీకేమని చెప్పారు?" అంది గడియారం.

ఈలాయన ఆలోచించాడు. "గడియారమక్క బెంచీ జోలికి పోవద్దన్నారు."

"మరి ఇది ఏ బెంచీ?"

"బెంచీ అదేనక్కా" అని ఈల చొక్కాలో పడేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని పువ్వులు చూడ్డం మొదలుపెట్టాడు.

ప్రెసిడెంటు గారు ఒక జంటను, వాళ్ల వెనకాల చేతికర్ర పొడుచుకుంటూ వస్తున్న ఒక ముసలావిడను వెంటబెట్టుకుని దారి మలుపు తిరిగాడు. బెంచీ చూశాడు. మూడు ఆకుపచ్చ ఏప్రన్లు చూశాడు. అడుగు ఆగిపోయింది. తోటావిడ లేవబోతే గడియారం ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇప్పుడు గనక ఆయన లేవమంటే, బెంచీ పోతుంది, ఆ ఇల్లూ పోతుంది.

"ఇదుగో, బోర్డు మీది మనిషి!" అంది ముసలావిడ సంబరంగా. దగ్గరికొచ్చి పాసు చూసింది, చీపురు చూసింది. "ఓహో, మీరిక్కడ పని చేస్తారా! పనివాళ్లను బెంచీల మీద కూర్చోనిస్తారన్నమాట. మేమిప్పుడున్న చోట కూర్చోనివ్వరు. మా వంటామె మెట్ల మీద కూర్చుంటుంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు అన్నం సహించదు." ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది. "నిజమేనా నాయనా? రోజూ కూర్చోనిస్తారా, లేక మేమొచ్చామనా?"

కొడుకూ కోడలూ కూడా ఆయన్నే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. కంచె వైపు చూశాడు, ఈలాయన వైపు చూశాడు, ఆఖరికి గడియారం మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి.

"అయ్యో, ఎంతమాట" అన్నాడు. "మా దగ్గర అలాంటి తేడాలేం లేవండీ. ఎవరైనా కూర్చోవచ్చు."

"అవునా తల్లీ?" అని ముసలావిడ గడియారాన్ని అడిగింది.

మంగళవారం ఈల చప్పుడు గడియారం చెవుల్లో ఇంకా ఉంది. చెప్పాలంటే చాలా ఉంది. ఆవిడ ప్రెసిడెంటు గారి మొహం వంక తీరిగ్గా చూసింది. ఆయన కూడా పాపం, ఈల కోసం ఎదురుచూస్తున్నవాడిలా నిలబడి ఉన్నాడు.

"ప్రెసిడెంటు గారు నలుగురి ముందూ అన్నారు కదమ్మా" అంది. "అన్నారంటే ఇక అంతే. పెద్దమనిషి."

ఆయన తల ఊపాడు. ముసలావిడ "కాస్త జరగండర్రా" అని వాళ్ల మధ్య చేరబడి, చేతికర్ర గడ్డి మీద పెట్టేసింది. "మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటా" అని కొడుకును పంపేసింది. ఎండ వెచ్చగా ఉంది. పిన్ని, ముసలావిడ ఏవో కాళ్లనొప్పుల కబుర్లు మొదలుపెట్టారు. ఆ మాటలు వింటూ వింటూనే గడియారం కళ్లు మూతపడ్డాయి.

"అక్కా! అక్కా, లే! పన్నెండు నలభై!" తోటావిడ భుజం పట్టి ఊపుతోంది.

గడియారం చెప్పులు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ తొడుక్కుని పరిగెత్తింది. లిఫ్టు దగ్గర బోర్డులో కాగితం లేదు. నాలుగు గుండుసూదులు మాత్రం మిగిలి ఉన్నాయి.

తలుపు తీసిన డాక్టరమ్మ కంగారుగా ఉంది. "ఏమైంది? నువ్వు ఆలస్యమయ్యేసరికి భయమేసింది." లోపల బల్ల దగ్గర తాతగారు అప్పటికే తువ్వాలు కట్టించుకుని, చేత్తో చెంచా పట్టుకుని కూర్చున్నాడు.

"గడియారం... ఆగిపోయిందా?" అన్నాడు.

"లేదు తాతగారూ. కాస్త నిద్రపోయింది" అంది గడియారం స్టవ్వు వెలిగిస్తూ.

డాక్టరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. "ఏదో చెప్పాలన్నావు, శనివారం."

గడియారం బుట్టలోకి వంగి, ఉన్న రెండు బంగాళాదుంపలూ తీసి కుళాయి కింద పట్టింది.

"ఏం లేదమ్మా. దుంపలు అయిపోయాయి. సోమవారానికి తెప్పించండి."